ఒకటో నంబరు ఓటు

షాపు వెనక గది నుంచి

మనవరాలికి,

నీ పార్సిలు అందింది. అందిందని రాయడానికి ఇంత ఆలస్యం ఎందుకంటే, ముందు నీ అచ్చు కాగితాల మడతలు, అదే ఫారాలు, అన్నీ విప్పి మళ్ళీ మడవాల్సి వచ్చింది. నీ ప్రెస్సువాడు తాగి మడిచాడో నిద్రలో మడిచాడో తెలీలేదు. కోతాయన చూసి, "ఇది పుస్తకమా, పొట్లమా" అన్నాడు. కోతాయన నీకు గుర్తుండాలి. కాగితాలు కోసే మిషను దగ్గర జన్మంతా నిలబడ్డవాడు. చిన్నప్పుడు ఆయన మీసం చూసి ఏడ్చేదానివి.

ఫోను చెయ్యకు. ఫోనులో నీ మాట నా చెవిలో కందిరీగ దూరినట్టుంటుంది. ఉత్తరం రాయి. నేను బడికి పోయింది తక్కువ, పుస్తకాలు కుట్టింది ఎక్కువ. నా రాత కోడి గీకినట్టుందని మీ అమ్మ నవ్వుతుంది. నవ్వనీ.

అసలు సంగతికొస్తాను. పోటీకి పంపాలి, జడ్జీలకి తలా ఒక ప్రతి గట్టిగా కుట్టిపెట్టు అన్నావు. కుడతాను. నేను కుట్టింది నేను పోయాక కూడా ఊడదు. కానీ వరస సరిచూడ్డానికి పేజీలు తిప్పుతూ ఒక ముక్క చదివాను. ఇంకో ముక్క చదివాను. ఇదేం ఆట? గళ్ళు లేవు, పావులు లేవు, గెలిచేవాడు లేడు. నలుగురు బల్ల చుట్టూ చేరి, నేను ఫలానా, మా ఇంట్లోకి నీళ్ళొచ్చాయి అని చెప్పుకోవడం, మధ్యలో పాచికలు వెయ్యడం. మీసాలొచ్చినవాళ్ళు ఆడే ఆటా ఇది? దీనికోసమా నెలజీతం వదులుకున్నావు?

గెలుపోటములు లేని ఆట రాశావు, దాన్ని తీసుకెళ్ళి పోటీలో పెట్టావు. ఈ తెలివి ఎవరి పోలికో గానీ నా పోలిక మాత్రం కాదు.

తాత


మూడో అంతస్తు గది నుంచి

తాతయ్యా,

నీ పోలికే. అమ్మని అడిగితే అదే అంది.

ఆట పేరు "పై అంతస్తు". ఒక పాత అద్దె ఇల్లు, కింద నుంచి నీళ్ళు పైకొస్తున్నాయి. ఒకరు కథ చెప్తారు, మిగతావాళ్ళు ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ళు. పాచిక తక్కువ పడినప్పుడల్లా నీళ్ళు ఒక మెట్టు ఎక్కుతాయి. ఏం వదిలెయ్యాలి, ఎవరి తలుపు విరగ్గొట్టి తెప్ప కట్టాలి, లేవలేనివాళ్ళని ఎవరు మొయ్యాలి, అన్నీ ఆడేవాళ్ళే తేల్చుకోవాలి. చివరికి అందరూ పై అంతస్తుకి చేరతారు, లేదా చేరరు. నువ్వు మీసాలన్నావు కాబట్టి చెప్తున్నా, గడ్డాలు నెరిసినవాళ్ళు కూడా ఆడతారు.

ఈ కథల ఆటలకి ఏటా బహుమతులిస్తారు. మాలో పెద్ద కంపెనీలున్నాయి. లిఫ్టులున్న ఆఫీసులు, లక్షల్లో అభిమానులు. తర్వాత మేమున్నాం. మా ప్రచురణ సంస్థ అంటే నేనూ, బొమ్మలేసే నా స్నేహితురాలూ. రాసేది నేనే, లెక్కలు చూసేది నేనే, పొట్లాలు కట్టేది నేనే. మొదట జడ్జీలు పోటీకి వచ్చిన ఆటలన్నీ చదివి అయిదింటిని ఎంచుతారు. చదివేవాళ్ళు కాబట్టి అక్కడిదాకా చిన్నవాళ్ళకీ దారుంది. తర్వాత జనం కంప్యూటరులో ఓట్లేస్తారు. అభిమానులున్నవాడికే ఓట్లు. పల్లకీ ఎక్కించేది జడ్జీలు, దించేది జనం.

మరెందుకు పంపుతున్నావంటావు. బహుమతి ముద్ర అట్టమీద ఉంటే దుకాణాలు పుస్తకం పెట్టుకుంటాయి. ఇప్పుడైతే "కొత్తవాళ్ళవి కదలవమ్మా" అని గుమ్మంలోనే తిప్పి పంపుతున్నారు. అచ్చేసిన ప్రతులన్నీ నా మంచం కిందే ఉన్నాయి. మంచం ఎత్తు పెరిగింది, అదొక్కటే లాభం.

ఒక మాట. ఆడేటప్పుడు పుస్తకం బల్లమీద తెరిచి ఉంచాలి. మూసుకుపోకుండా పరుచుకునేలా కుట్టగలవా?

నీ మనవరాలు


షాపు వెనక గది నుంచి

మనవరాలికి,

"కుట్టగలవా" ఏంటి? ఆ మాట ఇంకోసారి రాయకు.

వెన్ను వదులుగా విడిచి కుట్టాను. పరుచుకుంటుందో లేదో చూడాలంటే ఆడి చూడాలి కదా. అందుకే ఆడాం. వేరే కారణం ఏమీ లేదు. నేను, కోతాయన, జిగురక్క. జిగురక్క గుర్తుందిగా, అట్టలకి జిగురు పూసే ఆవిడ, నోరు కూడా జిగురే, పట్టిందంటే వదలదు. కథ నేనే చెప్పాను. వేరేవాడికిస్తే పాడుచేస్తాడు.

నీళ్ళు రెండో అంతస్తుకొచ్చాయి, తెప్పకి తలుపొకటి కావాలి అన్నాను.

"నా తలుపు ఇవ్వను" అన్నాడు కోతాయన.

"ఇంట్లోకి నీళ్ళొచ్చాక తలుపెందుకయ్యా, చేపలు దూరకుండానా?" అంది జిగురక్క.

"అద్దె కట్టాను. నా తలుపు నాది."

"పైన పసిబిడ్డుంది."

"కన్నవాళ్ళ తలుపు ఇమ్మను."

జిగురక్క లేచి ఆయన ముందున్న టీ గ్లాసు తీసుకెళ్ళి మోరీలో పారబోసింది. ఆటలో కాదు, నిజంగా. ఆట అక్కడితో ఆగింది. మర్నాడు పొద్దున కోతాయన మిషను ఆన్ చెయ్యకుండా నా దగ్గరికొచ్చి, "ఆ తలుపు గురించి ఆలోచించాను, సగం ఇస్తా" అన్నాడు. సగం తలుపు మీద ఎవడు తేలతాడని అడిగాను. "బిడ్డ చిన్నదే కదా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు.

పుస్తకం పరుచుకుంటోంది. పార్సిలు పంపాను. గెలిచేవాడు లేకపోతే ఆటెట్లా అవుతుందని ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు. రేపు మళ్ళీ ఆడుతున్నాం.

ఓటు ఎవరైనా వెయ్యొచ్చా, చదువుకున్నవాళ్ళే వెయ్యాలా? జవాబు రాయి.

తాత


మూడో అంతస్తు గది నుంచి

తాతయ్యా,

అయిదింటిలో మన ఆట ఉంది. జడ్జీలు ఎంచారు. మా స్నేహితురాలు ఏడ్చింది, నేను నవ్వాను, కాసేపయ్యాక తను నవ్వింది, నేను ఏడ్చాను. ఇంటావిడ తలుపు కొట్టి "ఎవరైనా పోయారా" అని అడిగింది.

ఒక జడ్జి విడిగా మెయిలు రాశారు. ఆట గురించి రెండు వాక్యాలు, బైండింగు గురించి మూడు. నీకు పొగరెక్కుతుందని ఆ మూడూ ఇక్కడ రాయడం లేదు.

ఓటు ఎవరైనా వెయ్యొచ్చు. మెయిలు అడ్రసుంటే చాలు. ఒక్కొక్కరికి ఒక్క ఓటు. ఓటు కింద, ఆట గురించి ఏమైనా చెప్పాలంటే చెప్పమని చిన్న ఖాళీ గడి ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ తాతయ్యా, ఆశ పెట్టుకోకు. మిగతా నాలుగింటిలో మూడు పెద్ద కంపెనీలవి. మా ఓట్లు వాళ్ళ ఓట్ల ముందు సముద్రంలో ఉప్పురాయి.

నాకు దిగులేం లేదు. నిజంగా లేదు. ఇంకో విషయం కూడా ఉంది గానీ, అది ఫలితాలొచ్చాక చెప్తాను.

కోతాయన తలుపు ఇచ్చాడా?

నీ మనవరాలు


షాపు వెనక గది నుంచి

మనవరాలికి,

ఇచ్చాడు. కానీ గొళ్ళెం ఊడదీసుకుని ఇచ్చాడు.

ఇప్పుడు షాపులో భోజనాల వేళ ఎక్కడ చూసినా ఇదే ఆట. కుట్టే హాల్లో ఒక బల్ల, అట్టల గదిలో ఒక బల్ల. రిటైరైపోయి ఇంట్లో కూర్చున్నవాళ్ళు కూడా వస్తున్నారు. పనిలో ఉన్నప్పుడు కూడా ఇంత వేళకి రాలేదు వీళ్ళు. అన్ని బల్లలకీ కథ నేనే చెప్తున్నాను. గొంతు పోయింది. పోతే పోయింది.

ఓనరు వచ్చి, "ఏంటయ్యా ఈ గోల, ఎవరు మునిగారు?" అన్నాడు. కూర్చోండి, మీకూ ఒక గది ఇస్తాం అన్నాను. కూర్చున్నాడు. కింద అంతస్తు ఇచ్చాం. మొదట మునిగాడు.

దిగులు లేదని రెండుసార్లు రాశావు. ఒకసారి రాసుంటే నమ్మేవాణ్ణి.

నేనొక పని చేసిపెడుతున్నాను. ఏంటని అడక్కు.

తాత


మూడో అంతస్తు గది నుంచి

తాతయ్యగారికి,

నువ్వు చేసిపెట్టిన పని ఏంటో ఇప్పుడు అర్థమైంది.

పోటీ కమిటీ నుంచి మెయిలు వచ్చింది. మా ఆటకి పడ్డ ఓట్లలో ఒక పెద్ద గుంపు ఒకే కంప్యూటరు నుంచి పడింది. ఓటేసినవాళ్ళ పేర్లు బైండరు ఒకటి, బైండరు రెండు, బైండరు మూడు, అలా వరసగా. నేను దొంగ ఓట్లు కొనుక్కున్నానని వాళ్ళ అనుమానం. ఆ సంగతి బయటికి కూడా పొక్కింది. "చిన్నవాళ్ళు పైకి రావాలంటే ఇంతే" అని రాస్తున్నారు. నన్నొక్కదాన్నే అంటే పడేదాన్ని. నాలాగే ఒక గదిలో కూర్చుని ఆటలు రాసి అచ్చేసుకునేవాళ్ళందరి మీదా బురద పడింది. వాళ్ళలో ఒకాయన ఫోను చేసి, "నిజమేనా అమ్మా?" అని అడిగాడు. ఆ గొంతు ఇంకా చెవిలో ఉంది.

దాచిన విషయం ఇప్పుడే చెప్పేస్తాను. పెద్ద కంపెనీ ఒకటి మన ఆటని కొంటామంది. నాకు ఉద్యోగం కూడా ఇస్తామంది. నీళ్ళు తీసేసి రాక్షసుల్ని పెడతారట. ఫలితాలు వచ్చిన రోజు జవాబు చెప్పాలి. బహుమతి వస్తే దుకాణాలు తీసుకుంటాయి, మా సంస్థ నిలబడుతుంది, వాళ్ళకి వద్దని చెప్పొచ్చు అనుకున్నాను. రాకపోతే అమ్మేసి వెళ్ళి అక్కడ కూర్చోవడమే. ఇల్లు గడవాలి కదా.

కమిటీ రెండు దారులిచ్చింది. ఈ ఓట్లు వేసినవాళ్ళెవరో నాకు తెలీదు, నాకూ వాళ్ళకీ సంబంధం లేదు అని సంతకం చేస్తే, ఆ ఓట్లు కొట్టేసి ఆటని పోటీలో ఉంచుతారు. లేదంటే జరిగింది రాసి పంపాలి. అప్పుడు ఉంచాలో తీసెయ్యాలో వాళ్ళిష్టం.

అది నువ్వేనా?


షాపు వెనక గది నుంచి

మనవరాలికి,

నేనే.

"గారు" తగిలించావు చూడు, అది చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. సరే.

జరిగింది విను. ఒక్కరి చేత కూడా ఊరికే ఓటు వేయించలేదు. ఆట ఆడనివాణ్ణి కంప్యూటరు దగ్గరికి రానివ్వలేదు. ఓనరు బావమరిది వచ్చి "నేనూ ఒకటి గుద్దుతా" అంటే, ముందు మునుగు, తర్వాత గుద్దు అని బల్ల దగ్గర కూర్చోబెట్టాను. మాలో ఎవరికీ మెయిలు అడ్రసు లేదు. షాపులో ఉన్నది ఒకటే కంప్యూటరు. ఆఫీసులో బిల్లులు కొట్టే పిల్ల అందరికీ అడ్రసులు చేసిపెట్టింది. పేర్లేం పెట్టాలని అడిగింది. ఏం పెట్టాలి? మా దగ్గర ఫారానికి నంబరు లేకపోతే పుస్తకం వరస తప్పుతుంది. అచ్చులోంచి ఏది వచ్చినా ముందు నంబరు వేస్తాం. మనుషులకీ వెయ్యమన్నాను. ఒకటి నేను, రెండు కోతాయన, మూడు జిగురక్క. ఎవరూ రెండోసారి వెయ్యకుండా ఉంటారని నా తెలివి. నంబరుంటే దొంగ అనుకుంటారని ఎవడికి తెలుసు? మా పనిలో నంబరు లేనిదే దొంగ ఫారం.

సంతకం పెట్టు. తెలీదని రాసెయ్. నా మనవరాలివి కాదని కాగితం మీద రాసినంత మాత్రాన మీ అమ్మ నా కడుపున పుట్టకుండా పోతుందా? షాపులో వీళ్ళకి నేను చెప్పుకుంటాను. ఎవరూ ఏమీ అనుకోరు. జిగురక్క అనుకుంటుంది, అయినా అది ఎప్పుడూ ఏదో ఒకటి అనుకుంటూనే ఉంటుంది.

నువ్వు ఒకటి దాచావు, నేను ఒకటి దాచాను. సరికి సరి. ఆలోచించకుండా సంతకం పెట్టు.

తాత


మూడో అంతస్తు గది నుంచి

తాతయ్యా,

పెట్టలేదు.

పెడదామనే కూర్చున్నాను. స్నేహితురాలు పక్కనే నిలబడి, "మీ తాతయ్యే పెట్టమన్నారుగా, ఇంకేంటి" అంది. నిజమే. "వాళ్ళెవరో నాకు తెలీదు" అన్న వాక్యం చదివాను. నా చిన్నప్పుడు విరిగిపోయిన నా బొమ్మకి జిగురక్క కాలు అతికించింది. ఆవిడెవరో నాకు తెలీదని ఎలా రాయను? పైగా నేను రాసిన ఆటేంటి? నీళ్ళొచ్చినప్పుడు పక్కింటివాణ్ణి నాకు తెలీదనడం కుదరదనేగా ఆటంతా. అది రాసి, ఇది సంతకం చేస్తే, మంచం కిందున్న ప్రతులన్నీ చించెయ్యాలి.

కమిటీకి ఇలా రాశాను. "ఈ ఓట్లు వేసినవాళ్ళంతా ఒక బైండింగు షాపు మనుషులు. ప్రతి ఒక్కరూ నిజంగా ఉన్న మనిషే, ఒక్కొక్కరూ ఒక్కొక్క ఓటే వేశారు. ఒకటో నంబరు మా తాత. వేస్తున్నారని నాకు తెలీదు, వాళ్ళు మాత్రం నాకు బాగా తెలుసు. ఓట్లు కొట్టెయ్యండి. దొంగలనకండి."

పంపేశాను. ఇప్పుడు ఉంచుతారో తీస్తారో చూడాలి. కోపం పోయింది. గారు కూడా తీసేశాను, చూసుకో.

నీ మనవరాలు


షాపు వెనక గది నుంచి

మనవరాలికి,

బుద్ధుందా నీకు? చెప్పిన మాట వినవు. మొండితనం మీ అమ్మమ్మది.

నీ ఉత్తరం బల్ల దగ్గర చదివి వినిపించాను. కోతాయన ముక్కు తుడుచుకుని, కాగితం దుమ్ము అన్నాడు. ఆయన మిషను పొద్దుటి నుంచి ఆగే ఉంది, దుమ్మెక్కడిదో.

ఆ కంపెనీ సంగతి. నేను వద్దంటానని దాచావు కదూ? తప్పు అంచనా వేశావు. ఇల్లు గడవకపోతే అమ్ముకో. ఈ వీధిలో నాకన్నా పొగరుబోతు లేడు, ఆ పొగరుతోనే చెప్తున్నాను, పొగరు అన్నం పెట్టదు. నాకూ సొంతంగా షాపు పెట్టాలని ఉండేది. పెట్టలేదు. ఇంకొకడి షాపులో పనిచేసినా కుట్టు నాదే కదా అనుకుని బతికాను. చెడిపోయిందేం లేదు. నువ్వు అక్కడ కూర్చున్నా నిన్ను తక్కువగా చూడను.

కానీ రాక్షసులెందుకు? నీళ్ళు చాలవా వాళ్ళకి?

తాత


మూడో అంతస్తు గది నుంచి

తాతయ్యా,

ఓట్లు కొట్టేశారు. ఆటని మాత్రం ఉంచారు. కాబట్టి బహుమతుల సభకి వెళ్ళాను. స్నేహితురాలి చీర కట్టుకుని, అరువు చెప్పులేసుకుని. చిన్నవాళ్ళందరికీ వెనక మూల, స్తంభం పక్కన బల్ల ఇచ్చారు. తెర కనపడాలంటే మెడ పక్కకి వంచాలి. అయిదు అట్టలూ తెరమీద చూపించారు. మన అట్ట వచ్చినప్పుడు చప్పట్లు ఆ మూల నుంచే వచ్చాయి. "నిజమేనా అమ్మా" అని ఫోనులో అడిగినాయన అందరికన్నా గట్టిగా కొట్టాడు.

బహుమతి పెద్ద కంపెనీకే. మనం అయిదో చోటు. చిన్నవాళ్ళలో ఒక్కరికే ఏదో వచ్చింది, అదీ అట్టబొమ్మకి. అది గెలిచినాయన ఆ ఫలకం తెచ్చి మా బల్లమీద పెట్టి, "తలా కాసేపు పట్టుకోండి" అన్నాడు. నవ్వుకుంటూ ఫొటోలు తీసుకున్నాం. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో మాత్రం నవ్వు రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. భోజనాల దగ్గర ఒక జడ్జి నా దగ్గరికొచ్చింది. దళసరి కళ్ళజోడావిడ. "నువ్వు తెలీదని సంతకం చేసుంటే నిన్ను ఇంకెప్పుడూ ఈ పోటీకి రానిచ్చేవాళ్ళం కాదు" అంది. ఎందుకన్నాను. ఓటు కింద ఖాళీ గడి ఉంటుందన్నాను చూడు, ఎవరూ రాయరని. మీ వాళ్ళందరూ రాశారట. అనుమానం వచ్చాక ఆవిడ కూర్చుని అన్నీ చదివింది.

కోతాయన రాసింది, "తలుపు ముందే ఇచ్చుండాల్సింది." జిగురక్క రాసింది, "నేను మంచం దిగలేని ముసలిదాన్ని. నన్ను వదిలేసి ఎవరూ పైకి పోలేదు. చాలాకాలం తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాను." ఒకటో నంబరు రాసింది, "ఈ ఆట రాసింది నా మనవరాలు. కనుక నా ఓటు లెక్కపెట్టకపోయినా ఏమీ అనను. మిగతావాళ్ళవి లెక్కపెట్టండి. వాళ్ళు ఆడారు."

నా మనవరాలు అని నువ్వే రాసిపెట్టి, తెలీదని సంతకం పెట్టమని నాకెట్లా చెప్పావు తాతయ్యా?

ఆ తర్వాత కంపెనీ ఆయన వచ్చాడు. మంచివాడే, నవ్వుతూ మాట్లాడాడు. "ఆ నంబర్ల గొడవ భలే ప్రచారం, కావాలని చేసినా ఇంత రాదు" అన్నాడు. ఆట ఆడారా అని అడిగాను. "సారాంశం చదివాను" అన్నాడు. మంచం దిగలేని ముసలావిడని ఉంచుతారా అన్నాను. "ఆవిడ వల్ల ఆట నెమ్మదిస్తుంది కదా" అన్నాడు.

అమ్మనన్నాను. అన్నాక భయం వేసింది, ఇప్పటికీ వేస్తోంది. ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని ఒప్పుకున్నాను, సగంపూట. మా మూల బల్లవాళ్ళం కలిసి ఒకటే దుకాణం తెరుద్దామనుకుంటున్నాం. ఎవరి మంచం కింద ప్రతులు వాళ్ళు తెస్తారు. నిలబడతామో లేదో తెలీదు. తప్పు చేశానంటావా?

నీ మనవరాలు


షాపు వెనక గది నుంచి

మనవరాలికి,

గడిలో ఏం రాశానో మర్చిపోయాను. ఆ బిల్లుల పిల్ల "ఏమైనా రాయాలా తాతా" అంటే నోటికొచ్చింది చెప్పాను, అది కొట్టింది. దాన్ని ఎవరైనా చదువుతారని అనుకుంటానా? నేను కుట్టిన పుస్తకాలే ఎవరూ చదవరు.

కాబట్టి నా మాట విని సంతకం పెట్టుంటే మునిగేదానివి. వినకపోవడం మంచిదైంది. దీన్ని అలవాటు చేసుకోకు.

తప్పు చేశావా అని అడిగావు. నాకు తెలీదు. నెలజీతం మంచిది. సగంపూట పని అంటే సగం కడుపు, అది నీకూ తెలుసు. అమ్ముకో అని నేను రాసింది మనస్ఫూర్తిగానే రాశాను. కానీ నువ్వు అమ్మలేదని చదివినప్పుడు నా చేతిలో సూది ఆగిపోయింది. సంతోషమో భయమో నేను తేల్చుకోలేదు. రెండూ అయ్యుంటాయి.

ఆ జిగురక్క చేసిన పని విను. పుస్తకం ఇంటికి పట్టుకుపోయి, కూతురు ఉండే అద్దె ఇంట్లో కింది వాటావాళ్ళనీ పై వాటావాళ్ళనీ కూర్చోబెట్టి ఆడించింది. నీళ్ళ పంపు దగ్గర కొట్టుకుని ఏళ్ళ తరబడి మాటల్లేనివాళ్ళు, ఆటలో ఒకళ్ళనొకళ్ళు మోసుకున్నారట. ఆట అయిపోయాక మళ్ళీ పంపు దగ్గర కొట్టుకున్నారు. అయినా ఇద్దరూ విడివిడిగా వచ్చి పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడిగారు. మా మనవరాలి మంచం కింద అని చెప్పాను.

నీ మూల బల్లవాళ్ళ ఫారాలు కూడా పంపించు. వాళ్ళ మడతలు నీ ప్రెస్సువాడి మడతల్లా ఉంటే ముందే చెప్పు, తిట్లు సిద్ధం చేసుకుంటాను.

ఇంకొకటి. నువ్వొకసారి ఇక్కడికి రా. కొత్తగా ఆడేవాళ్ళు నా బల్ల దగ్గర కూర్చోవడానికి జంకుతున్నారు. నేను కథ చెప్పడం లేదట, కేకలేస్తున్నానట. అన్నది కోతాయన, ఆయన మాట నేను లెక్కచెయ్యను, కానీ అందరూ తల ఊపారు. వచ్చి నువ్వు చెప్పు. నేను వాళ్ళతోపాటు ఒక గదిలో అద్దెకుంటాను. ఏ అంతస్తు ఇచ్చినా సరే. అడ్డుపడను. ఒకవేళ పడినా, కథ చెప్పేది నువ్వు కాబట్టి నీ మాటే చెల్లుతుంది.

తాత